కొండదారిలో చప్పుడు

ఆ రోజు కూడా బడికి బయల్దేరే ముందు కారుకు పెట్రోలు పోశాను. వంటింటి గోడ పక్కన నీడలో పెట్టిన నీలం డబ్బాను రెండు చేతులతో ఎత్తి, ట్యాంకు మూతి దగ్గర గరాటు పెట్టి, గరాటులో నా పాత తలగుడ్డను మడిచి పరిచి, చుక్క ఒలకకుండా వంచాలి. మొదట్లో ఈ పని నా భర్త లమీన్ చేసేవాడు. తర్వాత అతనికి నడుం నొప్పి వచ్చింది. నాకూ ఒక నడుం ఉందన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. సబ్బుతో ఎంత తోమినా ఆ వాసన గోళ్ళ సందుల్లో ఉండిపోతుంది. ఆ చేతులతోనే పిండి పిసికాను, రొట్టె కాల్చాను, మా అత్తగారు మబ్రూకాను మంచం మీద లేపి కూర్చోబెట్టి మోకాళ్ళకు ఆలివ్ నూనె రాశాను, కాఫీ చేతికిచ్చాను.

"ఏమే నజీహా, ఇది కాఫీయా, మా తౌఫీక్ కొట్టు సరుకా? అగ్గిపుల్ల గీసేవు, మూతి అంటుకుంటుంది నాకు" అంది ఆమె. లమీన్ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. మా అత్తగారు మాటకారి. ఆమె మాటలకు నవ్వకపోతే మూతి ముడుచుకున్నావంటారు, నవ్వితే ఆ మాట మర్నాడు ఇంకోసారి వస్తుంది. ఏది తేలికో చూసుకుని నేను ఎప్పుడో నవ్వడం అలవాటు చేసుకున్నాను.

తౌఫీక్ నా మరిది. లిబియా సరిహద్దు దాటి వచ్చే పెట్రోలును ఊరి మొదట్లో, రోడ్డు పక్కన డబ్బాల్లో పేర్చి అమ్ముతాడు. మా మెద్నీన్‌లో సగం ఊరు అలా అమ్మేవాళ్ళు, మిగతా సగం వాళ్ళ దగ్గర కొనేవాళ్ళు. మా ఇంటివాళ్ళకు మాత్రం ఎక్కడ కొనాలో ఎంచుకునే వీలు లేదు. తౌఫీక్ కొట్టు ఉండగా ఇంకో కొట్టు ముందు మా కారు ఆగకూడదు. బంకులో అయితే అసలే ఆగకూడదు. ఒక్కసారి ఆగితే చాలు, సొంత అన్నే వాడి సరుకు నమ్మడం లేదట అని సాయంత్రానికి కాఫీ కొట్లన్నీ ఆ మాట నములుతూ కూర్చుంటాయి. "మనవాణ్ణి కాదని బంకుకెళ్తే వాడి మొహాన ఉమ్మేసినట్టే" అని లమీన్ పెళ్ళయిన కొత్తలోనే నాకు చెప్పాడు. ఊళ్ళో ప్రతి ఇంటికీ ఇలాంటి ఒక కట్టుబాటు ఉంటుంది. మా ఇంటిది పెట్రోలు.

కారు మాత్రం నాది. మా నాన్న పాత తెల్ల కారు, కార్బొరేటర్ కాలం నాటిది. మంచాన పడ్డాక ఒకరోజు, ఇంకా కాస్త ఓపిక ఉండగానే, దాన్ని నా పేరు మీద రాయించాడు. "నీకు కొండ మీద ఉద్యోగం. కాళ్ళు లేకపోతే ఎలా?" అన్నాడు. నేను కొండ మీది ఊరి హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను. పొద్దున్నే అటు వెళ్ళే బస్సు లేదు. అద్దె బళ్ళు మనుషులు నిండితేగానీ కదలవు, ఆ వేళకి కొండెక్కే మనుషులు ఉండరు. కారు ఉంటే ఉద్యోగం ఉంది, కారు లేకపోతే లేదు. నా బతుకులో ఇంత తేటగా ఉన్న లెక్క ఇంకోటి లేదు.

ఆ చప్పుడు మొదటిసారి విన్నది ఆ రోజే. ఆలివ్ కోతలు మొదలైన రోజులవి. కొండదారిలో మొదటి మలుపు తిరిగి ఎక్సిలేటర్ తొక్కగానే ఇంజనులో కిటకిటమని మొదలైంది, రేకు డబ్బాలో శనగలు పోసి ఊపినట్టు. కాలు తీస్తే ఆగిపోయింది. తొక్కితే మళ్ళీ వచ్చింది. దారి ఎంత నిటారుగా ఉంటే అంత గట్టిగా కొట్టుకుంది. దిగేటప్పుడు ఏ చప్పుడూ లేదు. ఇంటికొచ్చి లమీన్‌కు చెప్పాను. అతను తాళాలు తీసుకుని బజారు చుట్టూ ఒక రౌండు కొట్టి వచ్చాడు. బజారులో ఎత్తు ఎక్కడుంది? అరిచేయంత చదునుగా ఉంటుంది మా ఊరు.

"ఏదీ చప్పుడు? ఎక్కడుంది? బండి పాటలు పాడుతోంటేనూ!"

"కొండెక్కేటప్పుడు వస్తోంది, లమీన్. పికప్ ఇస్తే కొట్టుకుంటోంది. ఒక్కసారి నాతో పైదాకా రా."

"నాకు ఆఫీసు లేదా? నీలాగా మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చే ఉద్యోగమా నాది?"

మధ్యాహ్నానికి ఇంటికొచ్చి నేనేం చేస్తానో ఆ ఇంట్లో తినేవాళ్ళకూ ఉతికిన బట్టలు కట్టుకునేవాళ్ళకూ తెలియాలి. తౌఫీక్ వచ్చినప్పుడు అదే మాట వాడితోనూ అన్నాను. "వదినా, చప్పుడు బండిలో కాదు, రోజంతా పిల్లల గోల విని విని నీ బుర్రలో పడింది" అన్నాడు వాడు, టీలో బాదం పలుకులు వేలితో తీసుకు తింటూ. అత్తగారు అందుకుంది. "ఈ వయసులో ఆడవాళ్ళకి అంతేరా. నాకూ అప్పట్లో చెవిలో మేకలు అరిచేవి." ముగ్గురూ నవ్వారు. స్ఫాక్స్‌లో చదువుకుంటున్న మా అమ్మాయికి కూడా ఈ కబురు నాకంటే ముందే చేరింది. "అమ్మా, కొంచెం రెస్ట్ తీసుకోకూడదూ?" అంది ఫోనులో. ఆ మాట ప్రేమతోనే అంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

చివరికి నన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు లమీన్. నా మీద అంత శ్రద్ధ చూపించడం చాలా ఏళ్ళ తర్వాత అదే. చెవులకు తొడుగులు పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. దోమ రెక్కంత శబ్దానికి కూడా నొక్కాను. "మీ వయసుకు మించి బాగున్నాయమ్మా చెవులు" అన్నాడు డాక్టరు. "అయితే తేడా చెవిలో కాదు డాక్టర్‌గారూ, ఇంకాస్త పైన" అని లమీన్ తన కణత మీద వేలితో కొట్టుకున్నాడు. డాక్టరు నవ్వాడు. మగవాళ్ళిద్దరూ చేతులు కలుపుకున్నారు. నేను తలగుడ్డ సర్దుకుని వెనకాలే బయటికి నడిచాను.

ఆ తర్వాత కొండెక్కేటప్పుడు రేడియో పెట్టుకోవడం మొదలుపెట్టాను. పెద్దగా పెట్టేదాన్ని. వినిపించేదాన్ని వినిపించలేదనుకోవడం నాకు కొత్త కాదు. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు అయిదో నెలలో ఏదో తేడాగా ఉందని, లోపల ఊరికే బరువు కిందికి లాగుతోందని చెప్పాను. "అందరం కన్నాం, నువ్వే మొదటిదానివా" అంది అత్తగారు. "అమ్మకు తెలియదా?" అన్నాడు లమీన్. వాళ్ళకు తెలుసనుకుని కుస్‌కుస్ ఆవిరి పట్టడానికి పొయ్యి దగ్గరికి వెళ్ళాను. ఆ బిడ్డ నిలవలేదు. అప్పుడు కూడా నా మాట తప్పని ఎవరూ అనలేదు, నిజమేనని కూడా అనలేదు. ఆ సంగతే ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మనిషి నోటి మాటను ఇన్నేళ్ళు పక్కన పెడుతూ పోతే ఆ మనిషికే తన మాట మీద అనుమానం వస్తుంది. నాకు వచ్చింది. ఇంజను చప్పుడు నిజంగా ఉందా, నేనే కల్పించుకుంటున్నానా అని రేడియో తగ్గించి వినేదాన్ని, వినపడగానే భయపడి మళ్ళీ పెంచేదాన్ని.

చలికాలం మధ్యలో తౌఫీక్ స్నేహితుడైన మెకానిక్కు ఇంటికొచ్చాడు. బానెట్టు ఎత్తి, ఒక చెవి వంచి, నాలుక చప్పరించాడు. నేను దగ్గరికి వెళ్ళి "ఖాళీగా నిలబెట్టి రేజ్ చేస్తే రాదు, ఎక్కేటప్పుడే వస్తుంది" అని చెప్పబోయాను. అతను లమీన్ వైపు తిరిగి, "అక్కయ్యని కాస్త టీ పెట్టమనండి లమీన్‌గారూ" అన్నాడు. టీ తీసుకొచ్చేసరికి తీర్పు అయిపోయింది. బేరింగులు పోయాయట, ఇంజను మొత్తం పని అయిపోయిందట, ఏ రోజైనా కొండ మీద ముక్కలైపోతుందట. ఇన్నాళ్ళూ లేని చప్పుడు ఒక్క పూటలో పుట్టి, పెరిగి, ప్రాణాంతకం అయిపోయింది. నేను చెప్తే పిచ్చి, అతను చెప్తే రోగం.

"పాపం, వదినకు ఇబ్బంది లేకుండా నేనే తీసుకుంటాలే" అన్నాడు తౌఫీక్. "ఇంకో ఇంజను వేయించి, వెనక పెద్ద ట్యాంకు కట్టించి సరిహద్దుకు తిప్పుకుంటా." అత్తగారు వెంటనే, "అదీ మంచిదే. దీనికీ కొండలెక్కే బాధ తప్పుతుంది. పగలు నాక్కాస్త ఎవరైనా తోడుంటారు" అంది. లమీన్ తల ఊపాడు. బడికి సెలవు పెట్టేస్తే ఆ తర్వాత ముందే రిటైరయిపోవచ్చునని నాకు ఎంతో ఓర్పుగా చెప్పాడు. ముగ్గురూ ముందే కూర్చుని పంచుకున్న వాక్యాలు అవి, ఎవరి వంతు వాళ్ళు పలికారు. మునిసిపల్ ఆఫీసులో సంతకాలు ధ్రువీకరించే కౌంటరు లమీన్‌దే. ఏ అమ్మకం కాగితమైనా మనిషి అక్కడికి వెళ్ళి, గుర్తింపు కార్డు చూపించి, గుమాస్తా కళ్ళ ముందు సంతకం చేస్తేనే చెల్లుతుంది. "గురువారం బడి నుంచి వచ్చేటప్పుడు నా దగ్గరికి వచ్చి ఒక సంతకం పడేసిపో" అన్నాడు, కూరగాయలు పట్రమ్మన్నట్టు. సరేనన్నాను. ఇంజను ముక్కలైపోతే ఎలాగూ ఏమీ మిగలదు కదా అనుకున్నాను. ఆ రాత్రి బట్టలు మడతపెడుతూ ఏడ్చాను.

ఆ వారంలోనే మా బడికి హెదియా అనే అరబ్బీ టీచరు కొత్తగా బదిలీ మీద వచ్చింది. భర్త పోయిన మనిషి, నోరు మహా పదును. సోమవారం పొద్దున నా కారెక్కింది. మొదటి మలుపు తిరిగాక అలవాటు కొద్దీ రేడియో వైపు చెయ్యి చాచాను.

"ఆగు, ఆగు. అదేంటి ఆ చప్పుడు?" అంది హెదియా.

నా కాలు ఎక్సిలేటర్ మీదే ఉండిపోయింది. "ఏ చప్పుడు?"

"ఏ చప్పుడేంటి తల్లీ, ఇంజనులో ఎవరో పళ్ళు నూరుతుంటే! నీకు వినపడట్లేదా?"

కారు పక్కకు తీసి ఆపాను. "నీకూ వినిపించిందా?" అని అడిగాను. ఇంకోసారి అడిగాను. ఆమె నన్ను వింతగా చూసి, "నాకేం చెవుడా?" అంది. అంతే, నాకు ఏడుపు ఆగలేదు. రోడ్డు పక్కన కారులో కూర్చుని, కొత్తగా పరిచయమైన మనిషి ముందు, ముక్కు తుడుచుకోవడం కూడా మర్చిపోయి ఏడ్చాను. ఆమెకు అంతా చెప్పాను, డాక్టరు సంగతీ, మెకానిక్కు సంగతీ, గురువారం సంతకం సంగతీ. హెదియా ఓదార్చలేదు. తన చేతిగుడ్డ నా ఒళ్ళో పడేసి, "నువ్వు పిల్లలకు చెప్పేది ఏ పాఠం?" అంది.

"ఫిజిక్సు."

"అందులో ఇంజను పాఠం ఉండదూ?"

ఉంటుంది. ప్రతి ఏడూ చెప్తాను. నాలుగు గళ్ళు గీసి, పిస్టనును కిందికీ పైకీ జరుపుతూ, పీల్చడం, నొక్కడం, మండడం, వదలడం అని రంగు సుద్దలతో బొమ్మ వేస్తాను. నిప్పురవ్వ ఏ క్షణాన పడాలో బాణం గుర్తు వేసి మరీ చూపిస్తాను. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే నా పిల్లలెవరూ తప్పరు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నా సొంత కారు బానెట్టు ఎత్తి చూడాలని నాకు అనిపించలేదు. ఎవరూ ఎత్తొద్దని చెప్పలేదు కూడా. అది మగవాళ్ళు నిలబడే చోటు, ఆడవాళ్ళు టీ తీసుకెళ్ళే చోటు. అంతవరకే నేర్చుకున్నాను.

ఆ రోజు క్లాసులయ్యాక బడి వెనక బానెట్టు ఎత్తాం. కెమిస్ట్రీ గదిలోంచి రబ్బరు తొడుగులు తెచ్చి వేసుకున్నాను. ముందు నూనె పుల్ల తీసి చూశాను, నూనె నిండుగా, శుభ్రంగానే ఉంది. హెదియాను లోపల కూర్చోబెట్టి న్యూట్రల్‌లో రేజ్ చేయించాను. ఇంజను గర్జించింది గానీ కిటకిట లేదు. బేరింగు పోతే బరువైన సుత్తి దెబ్బలా లోపల ఎక్కడో కింద మోగాలి, నిలబెట్టి రేజ్ చేసినా మోగాలి. తర్వాత ఇంజను నడుస్తుండగానే ప్లగ్గు తీగలు ఒక్కొక్కటే పీకి, మళ్ళీ పెట్టుకుంటూ వచ్చాను. ఏ బేరింగు పోతే ఆ సిలిండరు తీగ పీకగానే మోత తగ్గాలి. అసలు మోతే లేదు, తగ్గడానికి. తీగ పీకినప్పుడల్లా బండి వణికింది, పెట్టగానే కుదుటపడింది, నాలుగూ ఒక్కలాగే. ఆపి, చల్లారనిచ్చి, ప్లగ్గులు విప్పాను. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలున్నాయి. అప్పుడు నా బోర్డు మీది బొమ్మ నాకే అర్థమైంది. నొక్కుకుపోయిన పెట్రోలు ఆవిరి నిప్పురవ్వ అంటించిన మంట తన దాకా వచ్చేవరకూ ఓపిక పట్టాలి. నాసిరకం పెట్రోలుకు ఆ ఓపిక ఉండదు. ఓ మూల తనంతట తానే భగ్గుమంటుంది. ఆ రెండు మంటలూ గుద్దుకున్న చప్పుడే నేను విన్నది. బరువు లాగేటప్పుడే వస్తుంది, చదును మీద రాదు.

ఇంకొకటి కూడా చూశాను. ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటరు అడుగున ఒక నట్టు ఉంటుంది. చుట్టూ ఏళ్ళనాటి జిడ్డు దుమ్ము గట్టిపడి ఉంటే, ఆ నట్టు మీద మాత్రం స్పానరు పట్టిన మెరుపు ఉంది. దుమ్ము గీత ఒకచోట, డిస్ట్రిబ్యూటరు ఇంకోచోట ఉన్నాయి. ఎవరో ఈమధ్యే దాన్ని తిప్పారు, నిప్పురవ్వ ముందే పడేట్టు. అసలే ఓపిక లేని పెట్రోలు, దానికి తోడు తొందరపడే నిప్పు. హెదియా సంచిలోంచి గోళ్ళ రంగు తీసి ఇచ్చింది. అప్పుడున్న చోట ఎర్రటి గుర్తు పెట్టి, నట్టు వదులు చేసి, డిస్ట్రిబ్యూటరును వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా పాత దుమ్ము గీత దగ్గరికి తెచ్చి బిగించాను. మర్నాడు కొండెక్కుతుంటే చప్పుడు సగమైంది. మిగతా సగం ట్యాంకులో ఉంది. బడి డ్రమ్ములోకి పాత పెట్రోలంతా రబ్బరు గొట్టంతో లాగేశాను. నోట్లోకి కూడా పోయింది, కిరోసిన్ కంపు. కొండ మీది ఊళ్ళో ఒక చిన్న బంకు ఉంది. అక్కడ మా ఇంటి పేరు ఎవరికీ తెలియదు. అక్కడ పోయించాను.

బుధవారం పొద్దున నేనూ హెదియా రేడియో పెట్టకుండా మొదటి మలుపు తిరిగాం. ఎక్సిలేటర్ తొక్కాను. ఇంకా తొక్కాను. కారు నున్నగా లాక్కుపోయింది. కిటికీలోంచి గాలి, టైర్ల కింద కంకర, అంతే. హెదియా ఊళ్ళో పెళ్ళిళ్ళలో వేసేట్టు నాలుక ఆడించి ఒక పెద్ద కేక వేసింది. నేను నవ్వాను, ఆ నవ్వు నాదే. కానీ పైకి చేరి తాళం తిప్పి ఇంజను ఆపాక సంతోషం ఎంతోసేపు నిలవలేదు. రెండు మధ్యాహ్నాల పని. ఒక స్పానరు, ఒక గోళ్ళ రంగు సీసా, ఒక ట్యాంకు పెట్రోలు. దీనికోసం నేను నా చెవులను, బుర్రను, ఉద్యోగాన్ని వదులుకోబోయాను.

సాయంత్రం లమీన్‌ను ఆఫీసు దగ్గర ఎక్కించుకున్నాను. ఇంటి వైపు కాకుండా కొండ వైపు తిప్పాను. "ఎక్కడికే? అమ్మ ఒక్కతే ఉంటుంది" అన్నాడు. "ఒక్క మలుపు" అన్నాను. నిజం చెప్పాలంటే అతను సంతోషిస్తాడని ఆశపడ్డాను. ఒక్కసారి నా భుజం తట్టి, నువ్వు చెప్పిందే నిజం నజీహా అంటాడని. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ ఆశ ఎక్కడ దాగుందో. మలుపు తిరిగి పూర్తిగా తొక్కాను. కారు చప్పుడు లేకుండా ఎక్కింది. బేరింగులు బాగున్నాయని, ప్లగ్గులు చూశానని, టైమింగు సరిచేశానని, తప్పు పెట్రోలుదని పాఠం చెప్పినట్టు అన్నీ వరసగా చెప్పాను. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"ఏమన్నా అను" అన్నాను.

"ఏమనను? తెలుసు నాకు."

"ఏం తెలుసు?"

"తౌఫీక్ కిరోసిన్ కలుపుతున్నాడని. వాడికీ గిట్టుబాటు కావద్దా? బండి లాగట్లేదని నువ్వు అప్పుడు సణుగుతుంటే వాడే ఆ డిస్ట్రిబ్యూటరో ఏదో కాస్త తిప్పాడు, పికప్ వస్తుందని. చప్పుడు అప్పట్నుంచే కదా."

కారును రోడ్డు పక్కన ఆపాను. చేతి బ్రేకు లాగాను. నా గొంతు నాకే మామూలుగా వినిపించింది. "మొదటి నుంచీ తెలుసా?"

"తెలుసు మరి. తెలిసి ఏం చేయమంటావు? తమ్ముడి సరుకు మంచిది కాదని ఊరంతా చాటమంటావా? అమ్మను చూసుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఎలాగూ నువ్వు ఇంటిపట్టున ఉంటే బాగుంటుందని... నేనేమన్నా నిన్ను కొట్టానా, తిట్టానా?"

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళావు."

"నీ మంచికే తీసుకెళ్ళాను."

అతని మొహం చూశాను. అందులో దొంగతనం దొరికిన మనిషి సిగ్గు ఏమీ లేదు. కాస్త విసుగు ఉంది, ఆకలి ఉంది. అది చూసినప్పుడు నాకు కోపం కూడా రాలేదు, చచ్చిపోయినవాళ్ళ పక్కన కూర్చున్నప్పుడు వచ్చే దుఃఖం వచ్చింది. నా మాట నమ్మలేక నవ్వాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నమ్మకపోవడం ఒక రకం. తెలిసీ నవ్వడం ఇంకో రకం. ముక్కలవుతుందన్న ఇంజనుతో నేను, నాకు పిచ్చేమోనన్న భయంతో, రోజూ ఆ కొండెక్కుతుంటే ఇతను రాత్రిళ్ళు నా పక్కన హాయిగా నిద్రపోయాడు. ఆనాడు అయిదో నెలలో కూడా ఇతనికి తెలుసునేమో. ఆ ప్రశ్న అడగలేదు. జవాబు మీద నాకు నమ్మకం పోయింది.

"సరేలే, బాగు చేశావుగా. మంచిదే అయింది" అన్నాడు లమీన్, నా మోకాలి మీద తట్టి. "తౌఫీక్‌కు ఇక ఇంకో ఇంజను వేయించే బాధ కూడా లేదు. రేపు వచ్చి ఆ సంతకం పెట్టెయ్. పద, అమ్మకు మందులేసే టైమైంది."

కారు తిప్పాను. ఇంటికెళ్ళి అత్తగారికి మందులేశాను, మోకాళ్ళకు నూనె రాశాను. ఆవిడ "ఇవాళ నీ చేతులు పెట్రోలు కంపు కొట్టట్లేదే!" అంది. ఆవిడ మీద నాకు జాలే వేసింది. ముసలి మోకాళ్ళు ఆవిడవి. వాటిని చూసుకోవలసిన కొడుకులు ఇద్దరున్నారు, ఇద్దరికీ చేతులున్నాయి.

గురువారం మధ్యాహ్నం మునిసిపల్ ఆఫీసులో జనం బాగానే ఉన్నారు. బయట చెట్టు కింద తౌఫీక్ కూర్చుని ఉన్నాడు, కారును చూసి లేచి నిలబడి బానెట్టు మీద చెయ్యి వేసి నిమిరాడు. నేను లోపలికి వెళ్ళి వరసలో నిలబడ్డాను. లమీన్ అద్దం వెనక నుంచి నన్ను చూసి ముందుకు రమ్మని సైగ చేశాడు. నా వంతు వచ్చేదాకా నిలబడే ఉన్నాను. అమ్మకం కాగితం అతను ముందే టైపు చేయించి, నా పేరు కింద ఖాళీ గీత పెట్టి సిద్ధంగా ఉంచాడు. దాన్ని పక్కకు జరిపి, నా సంచిలోంచి నేను రాసుకొచ్చిన కాగితం, గుర్తింపు కార్డు అతని ముందు పెట్టాను.

కొండ మీది బడి ఆవరణలో ఖాళీగా పడి ఉన్న టీచర్ల గది నాకు కేటాయించమని అర్జీ అది. వచ్చే నెల నుంచి అక్కడే ఉంటానని అందులో రాశాను. అర్జీకి ధ్రువీకరించిన సంతకం కావాలని హెడ్‌మాస్టరు చెప్పాడు.

లమీన్ చదివాడు. ఇంకోసారి చదివాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. గొంతు తగ్గించి, "ఏంటిది? ఇంట్లో మాట్లాడుకుందాం" అన్నాడు.

"వెనక జనం నిలబడ్డారు, లమీన్."

"మరి అమ్మ?"

"మీ అమ్మ."

నా వెనక గొర్రెల సంత నుంచి వచ్చిన పెద్దాయన "కానివ్వండయ్యా, పొద్దుపోతోంది" అన్నాడు. లమీన్ అటూ ఇటూ చూశాడు. ఊరంతా చూస్తోంది. ఊరు చూస్తుంటే మా ఇంట్లో ఎవరూ తప్పు చేయరు. రిజిస్టరు నా వైపు తిప్పాడు. అందులో సంతకం చేశాను, కాగితం మీద చేశాను. అతను ముద్ర చేతిలోకి తీసుకుని, ఆ కుర్చీలో కూర్చున్న రోజు నుంచీ వచ్చినవాళ్ళందరినీ అడుగుతున్న ప్రశ్నే, అడగకపోతే ముద్ర చెల్లని ప్రశ్న, నా మొహం చూడకుండా అడిగాడు.

"ఈ సంతకం మీదేనా? మీ ఇష్టంతోనే చేశారా?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా ఇష్టం గురించి అతను అడిగిన మొదటి ప్రశ్న అది.

"నాదే. ఇష్టంతోనే చేశాను" అన్నాను.